నీళ్ల కంపెనీ, కరెంటు పందెం

సింగపూర్‌లోని బూన్ లే ప్రాంతానిది ఒక వ్యాపారి పేరు. చ్యూ బూన్ లే జురాంగ్‌లో గాంబియర్, మిరియాల తోటలు వేశాడు, రబ్బరుకు మళ్లాడు, బిస్కెట్ల ఫ్యాక్టరీ కూడా పెట్టాడు. ఒక వ్యాపారం చేసేవాడు మరొకటి చేపట్టడం నేరమని ఆ ఊళ్లో ఎవరూ అనరు. అక్కడికి పడమర చివరన తువాస్‌లో హైఫ్లక్స్ అనే నీటి శుద్ధి సంస్థ చేసిన విస్తరణను మాత్రం ఆ కోవలో కలపలేం.

2011లో ఆ సంస్థ సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే తువాస్‌ప్రింగ్ కాంట్రాక్టు దక్కించుకుంది. మొదటి ఏడాది వెయ్యి లీటర్లు 45 సెంట్లకే ఇస్తానంది. ఆ ధరకు గిట్టుబాటయ్యేదెలా? పక్కనే 411 మెగావాట్ల విద్యుత్ కేంద్రం కట్టి, తమకు కావలసింది వాడుకుని, మిగతాది గ్రిడ్‌కు అమ్మాలన్నది లెక్క. ఆ కరెంటులో నీటి ప్లాంటుకు పట్టేది కొద్ది భాగమే. పేరుకది నీటి ప్రాజెక్టు, లాభం ఆశ మాత్రం కరెంటు మీద. తీరా కేంద్రం సిద్ధమయ్యేసరికి మార్కెట్లో కరెంటు ఎక్కువై ధరలు పడిపోయాయి. 2018 మే నెలలో సంస్థ కోర్టు రక్షణ కోరింది. మరుసటి ఏడాది ప్రభుత్వ నీటి బోర్డు పైసా చెల్లించకుండా నీటి ప్లాంటును స్వాధీనం చేసుకుంది. కుళాయిలు ఆగలేదు. 2021 జులైలో కోర్టు సంస్థను మూసివేయించింది.

మునిగింది ఎవరు? సుమారు 34,000 మంది చిన్న మదుపరులు, 90 కోట్ల సింగపూర్ డాలర్లు. 2011లో ప్రాధాన్య వాటాలు, 2016లో గడువులేని బాండ్లు, రెండింటికీ 6 శాతం రాబడి ఆశ. ఏటీఎంలో డబ్బు తీసుకున్నంత తేలిగ్గా, అక్కడే మీటలు నొక్కి దరఖాస్తు పెట్టుకోవచ్చు. కరెంటు ధరలు పడిపోయిన తర్వాత కూడా, 2016లో, జనం ఎగబడి కొన్నారు. దేశానికి నీళ్లిచ్చే కంపెనీకి అప్పిస్తున్నామనుకున్నారు. వారికి కంపెనీ బోర్డును ప్రశ్నించే ఓటు లేదు, వసూళ్ల వరుసలో బ్యాంకుల వెనకే చోటు.

మన సత్యం కంప్యూటర్స్ ఉదంతంతో పోల్చి చూడండి. 2008 డిసెంబర్ 16న వ్యవస్థాపకుడి కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలు రెంటినీ 160 కోట్ల అమెరికన్ డాలర్లకు కొంటామని సత్యం బోర్డు ప్రకటిస్తే, పెద్ద వాటాదారులు గంటల్లోనే దాన్ని వెనక్కి తీసుకునేలా చేశారు. అక్కడ దాచింది దొంగ లెక్కలని తర్వాత తేలింది. హైఫ్లక్స్‌ది అదే రకమని మేం అనడం లేదు. కానీ వద్దనగల ఓటు ఎవరి చేతిలో ఉందన్న తేడా గమనించాలి.

2011 వాటాల అమ్మకంలో ఈ కరెంటు సంగతి చెప్పలేదన్న ఆరోపణపై 2022 నవంబరులో సంస్థ మాజీ పెద్దలపై అభియోగాలు నమోదయ్యాయి. దోషులెవరో తేల్చడం కోర్టు పని. మా ఆక్షేపణ అంతకు ముందటిది. చౌక ధరను కళ్లకద్దుకున్న నీటి బోర్డు, దాని వెనుక పందెమేమిటని గట్టిగా అడిగి ఉండాల్సింది. చిన్న మదుపరి చేతికిచ్చే పత్రం మొదటి పేజీలోనే, రాబడి ఏ వ్యాపారం నుంచి రావాలో, అది రాకపోతే నష్టం ఎవరిదో రాయించే నిబంధనను నియంత్రణ సంస్థలు తేవాలి. అది లేని బాండ్లను ఏటీఎంలో అమ్మనివ్వకూడదు.