రెండు కిలోమీటర్లు కలిసొస్తాయని రాంగ్ రూటు

పరిటాల: విజయవాడ–హైదరాబాదు జాతీయ రహదారి మీద కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాలలో ఏ పొద్దున నిలబడి చూసినా ఒక దృశ్యం తప్పక కనిపిస్తుంది. హైదరాబాదు వైపు వెళ్ళే బస్సులు, లారీలు, కార్లు ఒకే దిశలో దూసుకుపోతుండగా, వాటికి ఎదురుగా మార్జిను వెంట పాలక్యాన్లు కట్టిన మోపెడ్ ఒకటి వస్తుంటుంది. దాని వెనుక పచ్చగడ్డి మోపుతో మరొకటి. ఆ వెనుక పత్తి బోరాల ట్రాక్టరు. అడిగితే అందరి సమాధానమూ ఒక్కటే: "ఇక్కడి దాకే గదా!"

ఇది తప్పని తెలియని వారు ఈ ఊళ్ళలో లేరు. ఎదురు దిశలో బండి నడపడం ప్రమాదకరమైన డ్రైవింగు కిందికి వస్తుందని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం స్పష్టంగా చెబుతున్నది. మొదటిసారి పట్టుబడితే 1,000 నుంచి 5,000 రూపాయల వరకు జరిమానా గానీ, ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. తెలిసీ చేస్తున్నారు కాబట్టి దీనిని అజ్ఞానమని కొట్టివేయడానికి వీలులేదు. ఇది లెక్క వేసుకుని చేస్తున్న పని. ఆ లెక్క ఎలా పుట్టిందో, అందులో ఏ అంకె తప్పిపోయిందో చూడవలసి ఉన్నది.

ఈ రోడ్డుకు ఇప్పుడు 65వ నెంబరు. 2010లో నెంబర్లు మార్చక ముందు ఇది పూనా నుంచి మచిలీపట్నం వరకు సాగే 9వ నెంబరు జాతీయ రహదారి. రెండు వరుసల రోడ్డుగా ఉన్న కాలంలో ఊరి మనిషికి అది వీధికి కొనసాగింపు. ఎడ్లబండి ఎక్కడ కావాలంటే అక్కడ దిగేది. పశువులు రోడ్డు దాటి చేలకు పోయేవి. ఎదురెదురు వాహనాలు ఒకే రోడ్డు మీద నడిచేవి గనుక ఎటు వెళ్ళినా "ఎదురు" అనే మాట తప్పుగా తోచేది కాదు. తర్వాత రోడ్డు నాలుగు వరుసలైంది. నందిగామ నుంచి హైదరాబాదు వైపు భాగం 2012లో పూర్తి కాగా, విజయవాడ వైపు భాగం అంతకు ముందే పూర్తయింది. మధ్యలో డివైడరు వచ్చింది. ఇల్లు ఒక పక్క, పొలం మరొక పక్క అయిపోయిన రైతులు ఎందరో!

ఒకప్పుడు పరిటాల చుట్టూ బ్రిటిషు గ్రామాల నడుమ నైజాం జాగీరుగా ఉండేది. ఆ రోజులలో జాగీరు పొలిమేర దాటితే ప్రభుత్వమే మారిపోయేది. అయినా నడిచి దాటడానికి ఇంత యోచన అవసరమై ఉండదు.

రైతు వేసుకునే లెక్క ఇది. చేను ఎదురుగా కనిపిస్తూనే ఉంటుంది. సక్రమంగా వెళ్ళాలంటే డివైడరు తెరిచి ఉన్న చోటు దాకా పోయి, మళ్ళీ తిరిగి రావాలి. ఆ చోటు కిలోమీటరు దూరంలో ఉన్నదనుకుంటే పోనూ రానూ రెండు కిలోమీటర్లు అదనం. మోపెడ్‌కు నాలుగైదు రూపాయల పెట్రోలు. ట్రక్కు తగిలించిన ట్రాక్టరుకైతే సుమారు అర లీటరు డీజిలు, ఏడెనిమిది నిమిషాల కాలం. కోతల రోజులలో ఎనిమిది ట్రిప్పులు వేస్తే నాలుగు లీటర్లు, ఒక గంట. మెట్ట సేద్యంలో మిగిలేదే అంతంత మాత్రమైనప్పుడు ఈ లెక్కను చూసి నవ్వవలసిన పనిలేదు. రోడ్డు వేసినవారు ఊరి అవసరాన్ని సరిగా చూడలేదన్న ఫిర్యాదులోనూ న్యాయం ఉన్నది.

అయితే ఈ లెక్కలో ఒక అంకె వేయడం లేదు.

కంటికి అందని వేగం

గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఒక్క సెకనులో 25 మీటర్లు దాటుతుంది. ఎదురుగా వచ్చే మోటారు సైకిలు గంటకు 36 కిలోమీటర్ల నిదానపు నడకలో ఉన్నా సెకనుకు 10 మీటర్లు. రెండూ కలిపి సెకనుకు 35 మీటర్లు దగ్గరవుతుంటాయి. రాత్రిపూట డిమ్ లైటు వెలుగు ఏ 50 మీటర్ల వరకో పడుతుంది. అంటే కారు డ్రైవరుకు బండి కనిపించడానికీ, తగలడానికీ మధ్య ఉన్నది ఒకటిన్నర సెకను కూడా కాదు. కాలు బ్రేకు మీదకు చేరేసరికే అందులో ఒక సెకను పోతుంది. పైగా ఆ డ్రైవరు ఎదురు వాహనాన్ని ఊహించడు. డివైడరు ఉన్నదన్న నమ్మకంతోనే అతడు ఆ వేగంలో వస్తున్నాడు.

మార్జినులో నిదానంగా వెళ్తున్నాం గదా అనే వాదన ఇక్కడే వీగిపోతున్నది. నిదానం ఒక పక్షానిదే. రెండవ పక్షం వేగం బండి నడిపేవాడి చేతిలో లేదు. మార్జిను ఖాళీగా ఉంటుందన్న భరోసా కూడా లేదు. దాబాల ముందు, టైరు పంక్చరు షాపుల దగ్గర నిలిపిన లారీలను తప్పించడానికి ఎదురు వచ్చే బండి రోడ్డు మీదికే ఎక్కవలసి వస్తుంది.

ఇదే రహదారి మీద 2014 డిసెంబరు 6న నల్గొండ జిల్లా మునగాల మండలం ఆకుపాముల వద్ద జరిగిన ప్రమాదం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. రాంగ్ రూటులో వచ్చిన ట్రాక్టరును ఢీకొని నందమూరి జానకిరామ్ మరణించారు. ఆయన తండ్రి హరికృష్ణ ఒకప్పుడు రాష్ట్ర రవాణా మంత్రిగా పనిచేసినవారు. ఆయన కూడా 2018 ఆగస్టు 29న నల్గొండ జిల్లాలోనే మరొక రోడ్డు మీద కారు నడుపుతూ ప్రమాదంలో మరణించారు. సీటు బెల్టు పెట్టుకోలేదని అప్పట్లో వార్తలు వచ్చాయి. పేరున్నవారు గనుక ఈ రెండు ప్రమాదాలూ పత్రికల మొదటి పేజీలో వచ్చాయి. పాలు పోయడానికి వెళ్తూ పోయినవారి సంగతి లోపలి పేజీలో నాలుగు పంక్తులతో సరి.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది చనిపోయారు. దేశంలోని రోడ్లన్నిటిలో జాతీయ రహదారుల పొడవు సుమారు నూటికి రెండు వంతులే. మరణాలలో మాత్రం వాటి వాటా నూటికి 36. రహదారి పక్కన ఊరు ఉండటమంటే ఈ రెండు అంకెల మధ్య బతకడమే.

ట్రక్కులలో మనుషులు

రాంగ్ రూటు తర్వాత ఈ ప్రాంతంలో చెప్పుకోవలసినది ట్రాక్టరు ట్రక్కులలో జనాన్ని ఎక్కించడం. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ళకైనా, వేదాద్రి నరసింహస్వామి దర్శనానికైనా, పెళ్ళికైనా ట్రక్కులో గడ్డి పరచి, పైన పట్టా కట్టి బయలుదేరడం మామూలే. అందులో ఒక సరదా కూడా ఉన్నది, కాదనలేము. బస్సులు లేని ఊళ్ళకు అది అవసరం కూడా.

2020 జూన్ 17న ఖమ్మం జిల్లా ఎర్రుపాలెం మండలం పెదగోపవరం నుంచి వేదాద్రి వచ్చిన భక్తులు దర్శనం ముగించుకుని తిరిగి వెళ్తుండగా, వారి ట్రాక్టరును లారీ ఢీకొన్నది. పన్నెండు మంది మరణించారు. ట్రక్కులో కూర్చున్నవారికి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఎగిరి రోడ్డు మీద పడటమే.

చాలామందికి తెలియని విషయం ఆ తర్వాత వచ్చే నష్టపరిహారం సంగతి. "బీమా ఉన్నదిగా" అని ట్రాక్టరు యజమాని ధీమాగా ఉంటాడు. కాని సరుకు రవాణా వాహనంలో ఊరకే ఎక్కిన ప్రయాణికుల విషయంలో బీమా కంపెనీకి బాధ్యత లేదని 2002లో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. సరుకుతో పాటు వెళ్ళే సరుకు యజమాని సంగతి వేరు. 2007లో బ్రిజ్‌మోహన్ కేసు ఇంకా దగ్గరి ఉదాహరణ. ఇటుక బట్టీకి మట్టి తోలే ట్రాక్టరు ట్రక్కు ప్రమాదంలో ఒక కూలీ గాయపడ్డాడు. వ్యవసాయ పనికని బీమా చేసిన ట్రాక్టరును వేరే పనికి వాడినందున కంపెనీకి బాధ్యత లేదని కోర్టు భావించింది. కూలీ పేదవాడు గనుక ముందు కంపెనీ చెల్లించి, తర్వాత ఆ సొమ్మును యజమాని నుంచి రాబట్టుకోవాలని ఆదేశించింది. చివరికి భారం యజమాని మీదనే పడినది. కిరాయి కూడా తీసుకోకుండా, బంధుత్వం కొద్దీ ట్రాక్టరు ఇచ్చిన రైతు ఆ పరిహారం కోసం చేను అమ్ముకోవలసి రావచ్చు.

మిరప కోతల కాలంలో కూలీల ఆటోల పరిస్థితి ఇంతకంటె మెరుగు కాదు. ముగ్గురు కూర్చోవలసిన ఆటోలో పది మంది ఆడకూలీలు, డ్రైవరుకు అటొకరు ఇటొకరు, వెనుక అన్నం క్యారేజీలు. ఆటోవాడిని తిట్టడం తేలిక. మనిషికి ఇంత అని మాట్లాడుకున్న కిరాయిలో ముగ్గురినే ఎక్కిస్తే అతడికి డీజిలు ఖర్చు కూడా రాదు. రెండు ఆటోలు పెట్టడానికి ఆసామి ఒప్పుకోడు. కూలీలకు వేరే దారి లేదు. ఈ ముగ్గురిలో ప్రాణం పోయేది మాత్రం కూలీది.

ముందే అందే కబురు

హెల్మెట్ సంగతి మరొక తీరు. కొనని వారు తక్కువ. అది పెట్రోలు ట్యాంకు మీదనో, మోచేతికో ఉంటుంది. ముందు పోలీసులు ఉన్నారన్న కబురు అందగానే తల మీదికి వస్తుంది. కబురు అందించేది ఎదురుగా వచ్చే మోటారు సైకిళ్ళ వారే. చేయి ఊపుతారు, లైటు వేసి ఆర్పుతారు. ముక్కూ మొహం తెలియని మనిషిని 1,000 రూపాయల జరిమానా నుంచి కాపాడే ఈ పరోపకారం మెచ్చుకోదగినదే. అయితే ముందు రోడ్డు మీద లైటు లేని లారీ నిలిచి ఉన్నదనో, ట్రక్కు బోల్తా పడిందనో చెప్పడానికి అదే చేయి లేవదు. మనవారి దృష్టిలో రోడ్డు మీది ప్రమాదం పోలీసు ఒక్కడే కాబోలు! హెల్మెట్ పెట్టుకోని కారణంగా 2022లో దేశంలో 50,029 మంది మరణించినట్లు పై లెక్కలే చెబుతున్నాయి. అందులో 14,337 మంది వెనుక కూర్చున్నవారు.

పిల్లల చేతికి బండి ఇవ్వడం కూడా ఈ కోవలోనిదే. పదో తరగతి కుర్రవాడు తండ్రికి పొలానికి అన్నం తీసుకెళ్తే ఊరు మెచ్చుకుంటుంది. వాడి వల్ల ప్రమాదం జరిగితే చట్టం తండ్రికి మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా అంటుంది.

తప్పంతా గ్రామాలదేనని అనడం అన్యాయం. 2017 ఫిబ్రవరి 28న తెల్లవారుజామున పెనుగంచిప్రోలు మండలం ముళ్ళపాడు వద్ద ఒక ప్రైవేటు ట్రావెల్స్ బస్సు డివైడరును ఢీకొని రెండు వంతెనల మధ్య ఖాళీలో పడిపోయింది. కనీసం పది మంది ప్రాణాలు పోయాయి. అందులో ఏ రైతు ట్రాక్టరూ లేదు. దొనబండ, పరిటాల పరిసరాల క్వారీల నుంచి కంకర తోలే టిప్పర్లు, జగ్గయ్యపేట సిమెంటు లారీలు పట్టా లేకుండా వెళ్తుంటే వెనుక వచ్చే మోటారు సైకిలు వాని కళ్ళలో దుమ్ము పడుతుంది. వాటి మీద నిఘా ఎప్పుడో గాని కనిపించదు. చెకింగ్ అంటే మోపెడ్లను ఆపడమేనన్న అభిప్రాయం ఊళ్ళలో బలపడటానికి ఇదే కారణం. కీసర, చిల్లకల్లు టోల్‌గేట్ల వద్ద సొమ్ము చెల్లించి పోయేవారికి ఉన్న హక్కు, రోడ్డుకు భూమి ఇచ్చిన వారికి లేదా అన్న మాట కూడా వినిపిస్తుంది.

ప్రమాదం జరిగాక పెద్దమనుషుల ఎదుట రాజీ చేసుకునే అలవాటు వల్ల నష్టపోయేది కూడా గ్రామస్థులే. "పెద్ద బండిదే తప్పు" అని లారీవాని దగ్గర ఏదో కొంత వసూలు చేసి పంపివేస్తారు. కేసు ఉండదు. నెల తర్వాత కాలికి రాడ్ వేయవలసి వస్తే పరిహారం అడగడానికి కాగితం ఉండదు. కేసు పెట్టినా బండి రాంగ్ రూటులో ఉన్నట్లు తేలితే, గాయపడినవాని తప్పు కింద పరిహారంలో కొంత వంతు తగ్గించడం ట్రిబ్యునళ్ళలో మామూలే. గుద్ది పారిపోయిన వాహనం దొరకకపోతే మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 రూపాయలు 2022 ఏప్రిల్ నుంచి ఇస్తున్నారు. దరఖాస్తు రెవిన్యూ అధికారులకు చేసుకోవాలి. దానికీ పోలీసు కేసే ఆధారం.

ఇప్పుడు ఈ విషయం మళ్ళీ చర్చకు రావలసిన అవసరం ఒకటున్నది. ఈ రహదారిని ఆరు వరుసలుగా విస్తరించాలన్న ప్రతిపాదన ఉన్నది. నాలుగు వరుసలు వేసేటప్పుడు సర్వీసు రోడ్డు ఎక్కడ, అండర్‌పాస్ ఎక్కడ అన్నది ఊళ్ళు తగినంత గట్టిగా అడగలేదు. రోడ్డు వేశాక డివైడరు పగలగొట్టి సొంత దారి చేసుకోవడం, వారు మళ్ళీ పూడ్చడం, వీరు మళ్ళీ పగలగొట్టడం అనేక చోట్ల జరిగే తంతే. ఆరు వరుసలైతే వేగం ఇంకా పెరుగుతుంది, దాటడం ఇంకా కష్టమవుతుంది. పొలాలు ఏ పక్కన ఎన్ని ఎకరాలు, రోజుకు ఎన్ని ట్రాక్టర్లు, బడి పిల్లలు ఎందరు దాటుతారు అన్న వివరాలతో గ్రామసభ తీర్మానం చేసి, కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా రోడ్డు భద్రతా సంఘానికీ, జాతీయ రహదారుల సంస్థకూ పంపడానికి ఇదే సమయం. నక్షా ఖరారయ్యాక పంపిన అర్జీ ఫైలులోనే ఉండిపోతుంది.

ఈలోగా పత్తి, మిరప తోలే ట్రక్కులకు వెనుక ఎర్రని రిఫ్లెక్టరు స్టిక్కరు అంటించడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. దాని ఖరీదు రెండు ట్రిప్పుల రాంగ్ రూటులో ఆదా అయ్యే డీజిలు కంటె ఎక్కువ కాదు.