ఆసురము ఏ ధ్వనిలో ఉన్నది?

బ్రాడీపేటలో మన పిల్లలు వినే డ్రోన్, నాయిజ్, మెటల్ సంగీతాలు ఆసురమనీ, వాటిని ఖండిస్తూ వ్రాయమనీ కొందరు పెద్దలు నన్ను కోరారు. పూర్వపక్షాన్ని వినకుండా ఖండించడం శాస్త్రసమ్మతం కాదు. అందుచేత మా మేనల్లుడి ప్రక్కన కూర్చుండి నాలుగు రాత్రులు విన్నాను.

డ్రోన్ అంటే ఒకే శ్రుతి ఎడతెగక నిలవడం. ఇది మనకు పరాయిదా? అమెరికాలో ఆ మార్గానికి ఆద్యులలో ఒకరైన లా మాంటే యంగ్, 1970లో కిరాణా ఘరానా గాయకుడు పండిత్ ప్రాణ్‌నాథ్‌కు శిష్యుడై తంబురా శ్రుతిని ఉపాసించాడు. ఆ తంబురాను అటకెక్కించి మీటనొక్కే పెట్టెను తెచ్చుకున్నది మనమే!

సింగపూరులోని ‘రుద్ర’ మెటల్ బృందం విషయంలో మాత్రం నాకు అభ్యంతరమున్నది. 1992లో ఏర్పడిన ఆ బృందం వేదాంతాన్నే వస్తువుగా గ్రహించింది. వారి శ్రద్ధను శంకించను. కాని ఆ గర్జనలో మంత్రం కలిస్తే ఉదాత్తానుదాత్తాలు ఎక్కడ నిలుస్తాయి? స్వరం తప్పినందుకే కదా త్వష్ట యజ్ఞం విపరీతఫలమిచ్చింది!

అదే న్యాయం మనకూ వర్తించాలి. వేకువన నాలుగింటికి గోపురంమీది మైకులో పగిలిపోయే నమకంలో ఏ స్వరం మిగిలింది? 2000 నాటి ధ్వనికాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు అది నిషిద్ధం కూడా. పన్నెండేళ్ళు ఆ మీట నొక్కినవాణ్ణి నేనే. మొన్న కార్తికంలో విప్పించాను. ఇప్పుడు గర్భాలయద్వారం వద్ద నోటితోనే చెబుతున్నాను. ధర్మకర్తలలో ఇద్దరు ఇంకా నాతో మాట్లాడటం లేదు. మేనల్లుడి ‘ఆసుర’ సంగీతం మాత్రం అతని చెవులు దాటి వీథిలోకి ఏనాడూ రాలేదు.