మిగిలిన చందా ఎవరిది?

మా ఉప్పలగుప్తం వైపు ఊళ్లలో శ్రీరామనవమి పందిరి విప్పగానే ఒక ప్రశ్న పుడుతుంది: "లెక్క ఎంత తేలింది?" వసూలైన చందా ఎంత, పానకానికి ఎంత, మైకుసెట్టుకు ఎంత, చివరికి మిగిలింది ఎంత. ఆ మిగులు పై ఏటి ఉత్సవానికి జమ. లెక్క చెప్పని పెద్దమనిషికి మరుసటి ఏడు రసీదు పుస్తకం దక్కదు. ఇందుకు చట్టమేదీ అక్కరలేదు. నలుగురిలో సిగ్గు చాలు.

అదే మనం ఎన్నికల చందా ఇచ్చాక మాత్రం ఆ ప్రశ్న మరచిపోతాము. పోలింగు ముగిసి, గెలుపో ఓటమో తేలిన తరువాత అభ్యర్థి వద్ద మిగిలిన సొమ్ము ఎవరిది?

1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ఖర్చుకు లెక్క వ్రాయమంటుంది. ఫలితం వెలువడిన 30 రోజులలో దానిని జిల్లా ఎన్నికల అధికారికి సమర్పించమంటుంది. 2022లో సవరించిన పరిమితి ప్రకారం మన రాష్ట్రంలో శాసనసభ అభ్యర్థికి 40 లక్షలు, లోక్‌సభ అభ్యర్థికి 95 లక్షలు. ఎన్నికల ఖర్చుకు విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి. సొంత సొమ్ము ఎంతో, పార్టీ ఇచ్చినది ఎంతో, ఇతరులు ఇచ్చినది ఎంతో చూపాలి. అంటే రాబడి తెలుసు, ఖర్చు తెలుసు. ఇక చేయవలసింది చిన్న తీసివేత. సరిగ్గా అక్కడే చట్టం మౌనం వహించింది. మిగులును ఏం చేయాలో అందులో ఒక్క వాక్యమూ లేదు.

పార్టీల సంగతి మరీ విడ్డూరం. వాటి ఖర్చుకు పరిమితే లేదు. 2008లో తిరుపతిలో పుట్టిన ప్రజారాజ్యం 2011లో కాంగ్రెసులో కలిసిపోయింది. ఎవరినీ నిందించడం నా ఉద్దేశం కాదు. పార్టీయే మరొక పార్టీలో కలిసేటప్పుడు, చందా ఇచ్చినవాడిని ఒక్కమాట అడగాలన్న నియమం లేదన్నదే నా బాధ. 2025 ఆగస్టులో ఎన్నికల సంఘం 334 గుర్తింపు లేని పార్టీలను జాబితా నుండి తొలగించింది. పేరు కొట్టివేశారు సరే, ఖాతాలోని సొమ్ము మాటేమిటి?

చిత్రమేమంటే, వాడని సొమ్ము గురించి స్పష్టంగా మాట్లాడినది దాత పేరు దాచిపెట్టిన 2018 నాటి ఎన్నికల బాండ్ల పథకమే! 15 రోజులలో నగదుగా మార్చుకోని బాండు సొమ్ము ప్రధానమంత్రి సహాయనిధికి చేరాలన్నది. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ పథకాన్ని కొట్టివేస్తూ, గడువు మిగిలి ఉండి నగదుగా మారని బాండ్ల సొమ్మును కొన్నవారికే తిరిగి ఇమ్మన్నది. వాడని సొమ్ము ఇచ్చినవాడిదే. ఈ న్యాయం కోట్ల బాండుకు వర్తించి, కొబ్బరి రైతు ఇచ్చిన వెయ్యి రూపాయలకు వర్తించదా?

"మన ఎన్నికలలో మిగిలేది ఎక్కడ? అప్పులే కదా!" అని నవ్వేవారున్నారు. మంచిది. అయితే "మిగులు సున్న" అని వ్రాసి సంతకం పెట్టడానికి జంకు ఎందుకు?

నేను కోరేది పెద్ద సంస్కరణ కాదు. ఆ లెక్కలో "మిగులు" అని ఒక గడి, దాతకు తిరిగి ఇవ్వాలనో ప్రజానిధికి జమకట్టాలనో ఒక నియమం, సొంతానికి వాడుకుంటే శిక్ష. చందా దానం కాదు, ఒక పనికోసం అప్పగించిన సొమ్ము. పని అయిపోయాక దానిని ఉంచుకొనే హక్కు రాముడి పందిరి వేసినవాడికి లేనప్పుడు, ఓటు అడిగినవాడికి ఎక్కడి నుండి వచ్చింది?