‘తగిన మనిషి’ ఎవరు?

ఇరవై ఏళ్ళ నుంచీ పిల్లలకి కాండక్టు సర్టిఫికెట్లు రాస్తున్నాను. అచ్చు కాయితంలో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ నింపాక చివర్లో ఒక ఖాళీ ఉంటుంది. నడవడి. పేరూ తేదీ రిజిస్టరు చూసి రాస్తాం. నడవడి మాత్రం రాసేవాడి మనసులోంచి వస్తుంది. నేను చదువుకునే రోజుల్లో ఆ ఖాళీలో ఏం రాస్తారోనని హెడ్మాస్టరు గది బయట వణుకుతూ నిలబడినవాణ్ణే. ఉద్యోగం వచ్చాక ఎంక్వయిరీకి వచ్చిన కానిస్టేబులు మా గూడెంలో అడుగు పెట్టలేదు. ఊళ్ళో పెద్దాయన అరుగు మీద కూర్చుని నా గుణం ఎలాంటిదో రాసుకుపోయాడు. అందుకే ఏ చట్టం చేతికొచ్చినా నా కన్ను ముందు ఆ ఖాళీనే వెతుకుతుంది.

ఈసారి తుపాకి లైసెన్సు గురించి మాట్లాడుకుందాం. కూలికి పోయేవాళ్ళకి తుపాకుల గోల ఎందుకయ్యా అని కొందరు మిత్రులు అడగొచ్చు. మన ప్రాణం కాపాడదగ్గదో కాదో తేల్చేది ఎవరన్నదే అసలు గోల. కాస్త ఓపికగా వినండి.

అమెరికాలో అలబామా రాష్ట్రం, మాంట్‌గోమరీ పట్నం. తెల్లవాడొస్తే లేచి సీటివ్వాలన్న రూలు మీద 1955 డిసెంబరు నుంచీ నల్లజనం సిటీ బస్సులెక్కడం మానేశారు. ముందు నిలబడినవాడు మార్టిన్ లూథర్ కింగ్ అనే కుర్ర పాస్టరు. 1956 జనవరి 30 రాత్రి ఆయన ఇంటి మీద బాంబు వేశారు. లోపల భార్య, పసిబిడ్డ. ఎలాగో బతికి బయటపడ్డారు. ఆ తర్వాత ఆయన తుపాకి బట్టల మాటున పెట్టుకుని తిరగడానికి పర్మిట్టు ఇమ్మని దరఖాస్తు పెట్టుకున్నాడు.

అక్కడి చట్టం అడిగేవి ముఖ్యంగా రెండు. ప్రాణానికో ఆస్తికో హాని జరుగుతుందని భయపడటానికి సరైన కారణం ఉండాలి. అడిగేవాడు ‘తగిన మనిషి’ అయి ఉండాలి. కారణం కావాలంటే బాంబు పడిన వరండా చూసుకోవచ్చు. మనిషి సంగతంటారా, డాక్టరేటు చదివిన పాస్టరు. అయినా ఇవ్వం పొమ్మన్నారు. నల్లవాడికి ఇవ్వకూడదని చట్టంలో రాసి లేదు. రాయనక్కర్లేదు. తగినవాడెవరో తేల్చే కుర్చీలో తెల్లవాడు కూర్చుంటే చాలు.

ఇది ఒక్క ఊరి కథ కాదు. బానిసత్వం పోయిన 1865లోనే మిసిసిపీ రాష్ట్రం, విడుదలైన నల్లవాళ్ళు లైసెన్సు లేకుండా ఆయుధం ఉంచుకోకూడదని చట్టం చేసింది. అప్పుడు కులం పేరు పెట్టి పిలిచినట్టే జాతి పేరు పెట్టి రాశారు. తర్వాత పేరు తీసేశారు, పని మాత్రం అదే. ఫ్లోరిడాలో 1893 నాటి తుపాకి చట్టం నల్ల కూలీల చేతుల్లో ఆయుధం లేకుండా చేయడానికే వచ్చిందనీ, తెల్లవాళ్ళకి వర్తింపజేయాలన్న ఉద్దేశమే లేదనీ 1941లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జి ఒకరు తీర్పులోనే రాశాడు. లోపలివాడే ఒప్పుకున్న నిజం ఇది.

న్యూయార్కులో ‘సరైన కారణం’ చూపిస్తేనే పర్మిట్టు అన్న పాత షరతును 2022లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ కేసులో పేదల తరఫున వాదించే నల్లజాతి లాయర్లు కూడా షరతు పోవాలనే రాసిచ్చారు. తుపాకి ఉందని జైలుకి పోతున్నది ఎక్కువగా మా జనమే అన్నారు. వెంటనే న్యూయార్కు కొత్త చట్టం తెచ్చింది. పద్దెనిమిది గంటల శిక్షణ, నలుగురి సిఫారసు, ‘మంచి నైతిక నడవడి’. చూశారా, ఖాళీ మళ్ళీ తయారు! అలబామాలో అయితే 2023 నుంచి పర్మిట్టే అక్కర్లేదు.

పర్మిట్టు ఉంటే భయం పోయిందా? అదీ లేదు. మిన్నెసోటా రాష్ట్రంలో బడిపిల్లల భోజనశాలలో పనిచేసే నల్లజాతి యువకుడు ఫిలాండో కాస్టీల్. పర్మిట్టు ఉంది. 2016 జూలై 6న పోలీసు కారాపితే, అయ్యా నా దగ్గర తుపాకి ఉంది అని తానే మర్యాదగా చెప్పాడు. పక్క సీట్లో స్నేహితురాలు, వెనక సీట్లో ఆమె నాలుగేళ్ళ కూతురు. వాళ్ళ కళ్ళ ముందే ఆ పోలీసు కాల్చి చంపాడు. 2017లో అతన్ని నిర్దోషి అన్నారు. కాయితం మీద ఖాళీ నిండినా పోలీసు కంట్లో ఖాళీ నిండలేదు.

ఇక మన చట్టానికి వద్దాం. 1959 ఆయుధాల చట్టం. ఇరవయ్యొక్క ఏళ్ళు నిండాలి. హింస నేరంలో శిక్ష పడినవాడు శిక్ష ముగిశాక కూడా ఐదేళ్ళు పనికిరాడు. దగ్గరి పోలీసు స్టేషను రిపోర్టు కావాలి. 2016 రూల్స్ వచ్చాక శిక్షణ సర్టిఫికెట్టు కూడా అడుగుతున్నారు. ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు కాదనకూడదని 14వ సెక్షను చెబుతోంది. మంచి మాటే. కానీ ‘ఏ కారణం చేతనైనా తగడు’ అని అధికారి అనుకుంటే నిరాకరించవచ్చని అదే సెక్షనులో ఉంది. మాంట్‌గోమరీ నుంచి మన కలెక్టరాఫీసు దాకా ఒకటే మాట!

అయితే మన చేతిలో ఇంకో కాయితం ఉంది. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో వచ్చిన రూల్స్. అందులో మూడో రూలు చదవండి. దాడులు జరిగే ప్రాంతాలను ప్రభుత్వం గుర్తించాలి. అవసరమైతే అక్కడ ఎస్సీ ఎస్టీలు కానివాళ్ళ తుపాకి లైసెన్సులు రద్దు చేయాలి. వాళ్ళ దగ్గరి బంధువులవీ, పనివాళ్ళవీ కూడా. దొంగ తుపాకులు స్వాధీనం చేసుకోవాలి. అవసరమైతే మన ప్రాణరక్షణకు మనవాళ్ళకే లైసెన్సులివ్వాలి. ఇది మన కోరిక కాదు, సర్కారు రాసిన రూలు.

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురిని, 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపింది తుపాకులతో కాదు. గొడ్డళ్ళు, బరిసెలు. ఆ గొడ్డళ్ళకి లైసెన్సు అక్కర్లేదు. చుండూరులో పోలీసులు ఊళ్ళో ఉండగానే చంపారు. కాబట్టి ఇంటికో తుపాకి తెచ్చుకుంటే బతికిపోతామని మేం చెప్పడం లేదు. పిల్లల ముందు నిలబడే టీచరుగా ఆ మాట నా నోట రాదు.

కింగ్ కూడా తర్వాత తన ఇంట్లో తుపాకులు లేకుండా చేసుకున్నాడు. అహింసే తన దారి అనుకున్నాడు. 1968 ఏప్రిల్ 4న రైఫిలుతో ఆయన్ని కాల్చి చంపారు. ఆ దారి మంచిదా కాదా అన్నది వేరే చర్చ. కానీ నాకు వద్దు అని తానే అనుకోవడం వేరు. నువ్వు తగవు అని ఇంకొకడు అనడం వేరు. మొదటిది మనిషి నిర్ణయం. రెండోది అంటరానితనం.

కాబట్టి ఈ పక్షం చేయాల్సిన పని ఒకటి చెబుతాను. ప్రతి జిల్లాలో మన సంఘాలు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. జిల్లాలో తుపాకి లైసెన్సులెన్ని? ఎస్సీ ఎస్టీలకెన్ని? మూడో రూలు కింద గుర్తించిన గ్రామాలేవి? అక్కడ ఎవరి లైసెన్సయినా రద్దయిందా? కలెక్టరు అధ్యక్షతన మూడు నెలలకోసారి జరగాల్సిన విజిలెన్సు కమిటీలో ఇవే ప్రశ్నలు లేచి అడగండి. జవాబు కాయితం మీదే ఇమ్మనండి, నోటిమాట వద్దు.

మన నడవడి రాసే కలం ఇన్నాళ్ళూ వాళ్ళ చేతిలో ఉంది. ఇప్పుడు వాళ్ళ నడవడి మనం అడుగుదాం.

జై భీమ్!