బదిలీ ఉత్తరువులో చోటు లేని ప్రాణి

వానను నమ్మి బ్రదుకుటకు వీలులేని మా పాలమూరు మెట్టనేలలనుండి పొట్ట చేతబట్టుకొని దేశాంతరములకు పోయినవారు లెక్కకు మిక్కిలి. వారిలో కొద్దిమంది మాత్రము సైన్యమున చేరి, నెలజీతమును, పింఛనును, నలుగురిలో గౌరవమును సంపాదించుకొనిరి. కోస్గి, మద్దూరు, కోడంగల్లు చుట్టుపట్ల పల్లెలనుండి అట్లు పోయిన జవానుకు, పెండ్లియై కొంతకాలము నిరీక్షించిన పిమ్మట, కుటుంబముతో కాపురముండుటకు క్వార్టరు దొరకినప్పుడు, ఆ చిన్నయింట అడుగుపెట్టు ఇల్లాలు ఎట్టి వాకిటినుండి వచ్చినదో తలచుకొన్నగాని నేను చెప్పబోవు విషయము బోధపడదు. ఆమె పుట్టినయింట వేపచెట్టు క్రింద మేకపిల్ల, గంప క్రింద కోళ్ళు, గడపయొద్ద కుక్క ఉండెను. కురుమల గొర్లమందకు రాత్రివేళ కావలి కుక్కయే. మల్లన్నను కొలుచు ఈ సీమలో ఆ దేవుని వెంట కుక్క నడచునని పసిపిల్లలకు సైతము తెలియును. ఏ ప్రాణియు మసలని వాకిలి మావారి కంటికి పాడుపడిన యిల్లుగా తోచును.

అట్టి స్త్రీ సికింద్రాబాదున తిరుమలగిరిలోనో బొలారములోనో కాపురము పెట్టి, భాష తెలియని ఇరుగుపొరుగుల నడుమ ఒక కుక్కపిల్లను చేరదీసిన, అందులో వింత లేదు. 1806లో ఏర్పడిన సికింద్రాబాదు దండు కోస్గికి సుమారు నూరు కిలోమీటర్ల దూరములోనే యున్నను, జవానుకు అక్కడ స్థిరత్వము లేదు. రెండు మూడేండ్లు కుటుంబముతో నుండదగు పీస్ స్టేషనులో నున్నవాడు తరువాత ఫీల్డునకు, అనగా భార్యాబిడ్డలను వెంటగొనిపోరాని సరిహద్దు ప్రదేశమునకు, వెళ్ళవలసినదే. అప్పుడు కుటుంబము వేరుగా నివసించుటకై సైన్యమువారు కొన్ని యిండ్లు కేటాయింతురు. భర్త మంచుకొండలలో పహరా కాయుచుండగా ఒంటరిగా పిల్లలను పెంచుకొను ఆ యిల్లాలికి, రాత్రి తలుపు చప్పుడైనప్పుడు ముందుగా లేచి మొరుగునది ఆ కుక్కయే; నాయన ఎప్పుడు వచ్చునని అడిగి అడిగి అలసిన పిల్లవాడు మెడ కౌగిలించుకొని నిదురించునది దానినే. దీనిని విలాసమని త్రోసివేయువారు ఆ యింట ఒక్క రాత్రియైన గడపి యుండరని నా నమ్మకము.

చిక్కంతయు పోస్టింగు వచ్చిననాడు పుట్టును. ఉత్తరువులో జవాను పేరుండును, చేరవలసిన తేదీ యుండును, సామాను చేరవేయుటకును కుటుంబ ప్రయాణమునకును ఇచ్చు సొమ్మునకు నిబంధనలుండును; రెండేండ్లుగా ఆ యింటి అన్నము తిని ఆ యింటిని కాచిన ప్రాణికి అందులో చోటు లేదు. మన రైళ్ళలో కుక్కను తమతో తీసికొనిపోవలెనన్న ఏసీ మొదటి తరగతిలో రెండు లేక నాలుగు బెర్తుల గదిని పూర్తిగా తమకే తీసికొనవలెను. అట్లు కాదేని గార్డు పెట్టెలోని గూటిలో దానిని ఒంటరిగా ఉంచి పంపవలెను. సికింద్రాబాదునుండి అస్సామునకో జమ్మూకో నడియెండలలో సాగు ప్రయాణమున, స్టేషను స్టేషనున దిగి పరుగెత్తి నీళ్ళు పోయుట ఇద్దరు పిల్లలతో, ఆరు పెట్టెలతో బయలుదేరిన కుటుంబమునకు సాధ్యమా? మొదటి తరగతి టిక్కెట్లు కొనుట జవాను జీతమునకు అందునా? కావున చాలామంది ఏమి చేయుదురో దండు ప్రాంతములలో తిరిగినవారందరికి తెలిసినదే. కొందరు స్నేహితులకు అప్పగింతురు. కొందరు ఊరికి పంపుదురు. కడమవారు, మనసు రాయి చేసికొని, గేటు దాటి వెళ్ళిపోదురు. మెడపట్టీతో వీధిన తిరుగు కుక్క, క్రొత్త కాపురమువారు వచ్చి తరిమినను మరల అదే మెట్లమీదికి చేరుట అరుదైన దృశ్యము కాదు.

క్వార్టరు ఖాళీచేయు దినమున జరుగు తంతు ఒకటి కలదు. జవానులు దానిని మార్చింగ్ అవుట్ అందురు. సైనిక గృహములను చూచుకొను ఎంఈఎస్ వారి మనిషి వచ్చి, పంకాలను, బల్బులను, కుళాయిలను, కిటికీ అద్దములను పట్టికతో సరిచూచి, పగిలినదానికి వెలకట్టి, అంతయు సరిపోయిన పిదప సంతకము చేయును. ప్రభుత్వపు సొత్తు విషయమై ఈ జాగ్రత్త సమంజసమే. అయితే కుళాయికి జవాబుదారీ కోరు ఆ కాగితము ప్రాణమున్న జీవిని గూర్చి ఒక్క ప్రశ్న యైన అడుగదు. నా విన్నపమంతయు ఆ కాగితమును గూర్చియే: ఈ యింట పెంపుడు జంతువు ఉన్నదా, ఉన్నచో ఎవరితో, ఎచ్చటికి పోవుచున్నదను పంక్తి అందులో చేర్చవలెను. తీసికొనిపోవుచున్నచో ప్రయాణపు ఏర్పాటును, మరొకరికి ఇచ్చినచో పుచ్చుకొన్నవారి సంతకమును చూపనిదే అప్పగింత పూర్తికాదని నియమము చేయవలెను.

ఇందుకు చట్టము లేదా యని అడుగవచ్చును. 1960 నాటి జంతు హింసా నివారణ చట్టము, ఆకలిదప్పులచే బాధపడునట్టి స్థితిలో జంతువును విడిచిపెట్టుట నేరమని స్పష్టముగా చెప్పుచున్నది. కాని మొదటి తప్పునకు అది విధించు జరిమానా 10 రూపాయలకు తక్కువ గాక 50 రూపాయలకు మించనిది. అరువదేండ్లు గడచినను మారని ఆ అంకె చూచి భయపడువాడెవ్వడు? అదే 1960లో మన సైన్యము మీరటునందు కుక్కలకు శిక్షణ నిచ్చుటకు ఆరంభించెను. నాటినుండి మందుపాతరలను వాసనపట్టి ఎందరో సైనికుల ప్రాణములు కాపాడినవి ఆ కుక్కలే. 2022లో బారాముల్లాలో ఉగ్రవాదుల తుపాకికి బలియైన ఆక్సెల్ అను కుక్కకు మరణానంతరము సైనిక గౌరవము దక్కెను. ఆ సేవాశునకములనే పని ముగిసిన పిమ్మట చంపివేయు పద్ధతి యుండెనని 2015లో సమాచార హక్కు ద్వారా తెలిసి దేశము కలతపడగా, ఆ పద్ధతి మారి, ముసలి కుక్కలకు మీరటున విశ్రాంతి గృహమును, కోరినవారికి పెంచుకొనుటకిచ్చు వీలును ఏర్పడినవి. తన కొలువు చేసిన కుక్కను గూర్చి ఇంతగా మనసు మార్చుకొన్న సైన్యము, తన జవాను పిల్లలను కాచిన కుక్కను గూర్చియు ఆలోచింపగలదను ఆశ నాకు కలదు.

నన్నయభట్టు ఆంధ్రీకరించిన ఆదిపర్వమున దేవశునకమైన సరమ కథ చదువనివారుండరు. జనమేజయుని తమ్ములు కారణము లేకయే తన బిడ్డను కొట్టినందులకు, ఆ తల్లి రాజసభకు నడచివచ్చి, నిరపరాధిని హింసించినవారికి కారణము తెలియని భయము కలుగునని పలికినది. రాజు అది విని ఉలికిపడెను గాని, కుక్కకు సభలో మాటయేమని గద్దింపలేదు. క్వార్టరు మెట్లమీద విడువబడిన ప్రాణి పక్షమున వచ్చి అడుగు సరమ లేదు. ఆ ప్రశ్నను కాగితమే అడుగవలెను.

ఎదుటివారి మాటయు వినవలసినదే. సైనిక కుటుంబముల కొరకు ఈ శతాబ్దారంభమున చేపట్టిన నిర్మాణ పథకముక్రింద లేచినవి పలు అంతస్తుల భవనములు. పాత యిండ్లకున్న పెరళ్ళు వీనికి లేవు. ఒకే మెట్లదారిని వాడుకొను కుటుంబములలో కుక్కయన్న వణకు పిల్లలుందురు, మైలయని తలచు పెద్దలుందురు, రాత్రి డ్యూటీ చేసి పగలు నిద్రించువారుందురు. వారి భయమును చులకన చేయుట అన్యాయము. మన దేశమున రేబీసు ఇంకను మనుష్యులను పొట్టనబెట్టుకొనుచునే యున్నది, ఆ రోగలక్షణములు బయటపడిన పిదప మందులేదు. కావున కుక్కను పెంచుకొను అనుమతి యనునది నమోదుతోను, ఏటేట టీకాతోను, మెట్లమీద గొలుసుతోను ముడిపడి యుండవలెను. మేడమీది వసారాలో కోళ్ళను పెంచుదునను మా పాలమూరు ఆడపడుచునకు మాత్రము, పొరుగువారి ముక్కును తలచి, ఆ కోరికను సెలవులకు ఊరికి వచ్చువరకు ఆపుకొనుమని చెప్పుదును. అయితే నిషేధము మేలని వాదించువారితో నేను ఏకీభవింపను. నిషేధమున్నచోట కుక్కలు లేకపోవు, దాచిపెట్టబడును. దాచిన కుక్కకు టీకా ఉండదు, విడిచినను అడుగువారుండరు.

అమెరికా సైనిక గృహములలో ఈ విషయము ఎన్నడో నియమములకెక్కినది. ఇంటికి ఇన్ని జంతువులని పరిమితి, అపాయకరములని వారెంచిన కొన్ని జాతుల కుక్కలకు ప్రవేశ నిరాకరణ, నమోదు, టీకా అన్నియు అందు కలవు. పైపెచ్చు 2024 జనవరినుండి, బదిలీయైన సైనికుడు తన కుక్కనో పిల్లినో వెంటగొనిపోవుటకైన ఖర్చులో ఆ దేశపు ప్రధాన భూభాగములోపల 550 డాలర్లవరకు, విదేశ ప్రయాణమైనచో 2,000 డాలర్లవరకు ప్రభుత్వమే తిరిగి ఇచ్చుచున్నది. మనకు అంత సొమ్ము వలదు. రెజిమెంటు మొత్తము తరలునప్పుడు నడుచు సైనిక ప్రత్యేక రైలులో జంతువులకు గాలి వెలుతురు గల ఒక చోటును, విడిగా పోవువారికి రైల్వేతో మాటాడి కుక్కగూళ్ళను బాగుచేయించుటయు, క్రొత్త చోట క్వార్టరు దొరకువరకు కొన్ని వారములు జంతువును ఉంచుటకు ఒక కొట్టమును చాలును. పశువైద్యులకు సైన్యమున కొదవ లేదు.

జవాను దంపతులతోను ఒక మాట చెప్పవలసియున్నది. మంచుదేశపు బొచ్చుకుక్కను అంగడిలో చూచి ముచ్చటపడి, సికింద్రాబాదు ఎండలలో రెండు గదుల యింట పెంచబూనుట దానికి శిక్షయే. వీధికుక్క పిల్లను తెచ్చుకొన్న మన ఎండకు అది ఓర్చుకొనును. తెచ్చుకొనుటకు ముందే కోస్గిలోని అత్తమామలను అడిగి యుంచుడు: మేము ఫీల్డునకు పోవునాడు దీనిని మీరు చూతురా యని. ఔనన్నచో, సెలవులకు వచ్చినప్పుడెల్ల దానిని ఆ వాకిటికి, ఆ వీధికి అలవాటు చేయుడు. మేడమీద పెరిగిన కుక్కను హఠాత్తుగా తెచ్చి వదలిన, మా వీధికుక్కలు దానిని బ్రదుకనీయవు.

పాఠశాలలు ముగియు వేసవి మాసములలోనే హెచ్చు కుటుంబములు క్వార్టర్లు మారును. కుక్కల నమోదునకు కంటోన్మెంటు బోర్డులకు 2006 నాటి చట్టమే అధికారమిచ్చుచున్నది. అప్పగింత కాగితములో పంక్తి చేర్చుటకు స్టేషను కార్యాలయపు ఉత్తరువు చాలును. సికింద్రాబాదు స్టేషను అధికారులు రాబోవు ఏప్రిల్ నెలకు ముందే ఆ ఉత్తరువు వెలువరించి, మిగిలిన దండులకు దారి చూపవలెనని కోరుచున్నాను.