బతికిన చెట్టులోనే అసలు నష్టం

ఆస్ట్రియా, జర్మనీ కొండ అడవుల్లో పెంచే నార్వే స్ప్రూస్ చెట్లకు రెడ్ డీర్ జింకల బెడద పాతదే. చలికాలంలో మేత కరువైనప్పుడు ఇవి మాను బెరడును కింది పళ్లతో గీరి తింటాయి. వేసవిలో బెరడు పచ్చిగా, వదులుగా ఉంటుంది; ఒక అంచు పట్టి లాగితే చాలు, పొడవాటి పట్టీలా ఊడివస్తుంది. పెద్ద గాయాలు వేసవిలో పడేవే. బెరడు ఇంకా నునుపుగా ఉన్న లేత మానులే ఎక్కువగా బలవుతాయి.

చుట్టూ బెరడు పోతే చెట్టు ఎండిపోతుంది. అలాంటివి తక్కువ. మిగతావి బతికి, ఎత్తు పెరిగి, చూపులకు నిండుగానే ఉంటాయి. ఎండిన చెట్లను లెక్కపెట్టి నష్టం కట్టే పద్ధతి పొరబడేది ఇక్కడే.

చెట్టు గాయం ఒంటి మీది పుండులా మానదు. పాడైన చెక్క బాగుపడదు. దాని చుట్టూ చెట్టు గోడ కట్టుకుని, పక్కల నుంచి కొత్త చెక్కతో కప్పేస్తుంది. అమెరికా అటవీశాఖ శాస్త్రవేత్త అలెక్స్ షైగో 1970లలో వివరించిన సంగతి ఇది. చిన్న గాయం త్వరగా మూసుకుంటుంది. పెద్దది మూసుకునేలోగా స్టీరియం సాంగ్వినోలెంటం అనే శిలీంధ్రం లోపల చేరుతుంది. చెక్క ముందు ఎర్రబారి, తర్వాత పుచ్చుతుంది. పుచ్చు నిలువునా ఏటా 20 సెంటీమీటర్లు పాకడం అరుదు కాదు. గాయం తర్వాత పెరిగిన వలయాలు చాలావరకు శుభ్రంగానే ఉంటాయి. అయితే కోతమిల్లుకు కావలసింది లోపలిదాకా గట్టిగా ఉన్న దుంగ.

పైగా గాయం తగిలేది మాను మొదలు భాగంలో, నేల నుంచి రెండు మీటర్లలోపు. మానంతటిలో లావైనదీ, ముడులు తక్కువైనదీ, మంచి ధర పలికేదీ ఆ మొదలు దుంగే. రంగు మారితే బలం పెద్దగా తగ్గదు కానీ, సొగసు చూసే పనులకు పనికిరాక ప్యాకింగ్ పెట్టెల స్థాయికి దిగుతుంది. పుచ్చితే ఆ ముక్క కోసి కాగితపు గుజ్జుకో పొయ్యికో పంపాల్సిందే. కప్పుకున్న చోట నార మెలితిరుగుతుంది, మధ్యలో బెరడు చిక్కుకుంటుంది. గాలికి, మంచు బరువుకు చెట్టు విరిగేదీ తరచు అక్కడే. పైన్, లార్చ్ చెట్లకు జిగురు ధారాళంగా కారి గాయాన్ని కాపాడుతుంది. స్ప్రూస్‌కు ఆ రక్షణ తక్కువ.

కంచెలు, బెరడు పూతలు అవసరమే కానీ అవి పైపై మందు. వేట కోసం చలికాలంలో మేత పెట్టి జింకల మందలను నిలబెట్టే ఆచారం ఆస్ట్రియాలో బలంగా ఉంది. ఆ దాణాలో గింజలు ఎక్కువై పీచు తగ్గితే, నెమరువేసే జింక పీచు కోసం మళ్లీ బెరడు మీదే పడుతుంది. స్కీయింగ్ సందడికి బెదిరిన మంద పగలంతా గుబురు స్ప్రూస్‌లలో దాక్కుని ఆకలి అక్కడే తీర్చుకుంటుంది. వేట కౌలుదారు ఒకరు, అడవి యజమాని మరొకరు అయినచోట మంద పెరిగితే లాభం ఒకరికి, పుచ్చిన దుంగ ఇంకొకరికి.

కాబట్టి పరిహారాన్ని మొదలు దుంగకు తగ్గబోయే ధర మీద కట్టాలి, అదీ గాయం పచ్చిగా ఉన్న ఏడాదిలోనే. నరికేనాటికి దాని మీద కొత్త చెక్క కప్పేసి ఉంటుంది. అది ఏ ఏటి గాయమో అడ్డుకోతలో వలయాలు లెక్కపెడితే తప్ప తెలియదు.