ఓడకు గుత్తి ఇంజనెందుకు?

అనంతపురంలో కూర్చుని ఓడల మీద రాయడమేమిటని నవ్వకండి. మన అరటి ఓడెక్కి చాలా కాలమైంది. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి 43 రిఫ్రిజిరేటెడ్ కంటైనర్లలో 980 టన్నుల పండు, ఇరాన్ పోవడానికి రైల్లో ముంబయి జేఎన్‌పీటీ రేవుకు బయల్దేరింది. అందుకే, సరుకు ఓడలన్నిటినీ డీజిల్-ఎలక్ట్రిక్‌కు మార్చేస్తే ఆయిలు ఖర్చు సగం పడిపోతుందని ఈ వారం టీవీలో ఓ పెద్దమనిషి సెలవిస్తుంటే ఒళ్ళు మండింది.

డీజిల్-ఎలక్ట్రిక్ చూడాలంటే సముద్రందాకా పోనక్కర్లేదు, గుత్తి రైల్వే డీజిల్ షెడ్డు చాలు. పాత డబ్ల్యూడీఎం-2 ఇంజన్‌కు 16 సిలిండర్లు, 2,600 హార్స్‌పవర్. ఆ బలం నేరుగా చక్రాలకు పోదు. జనరేటర్‌ను తిప్పుతుంది, ఆ కరెంటుతో ఇరుసుల దగ్గరి ఆరు మోటార్లు తిరుగుతాయి. నిలబడిపోయిన గూడ్సు కదలాలంటే మొదటి గుంజుకే బలమంతా కావాలి. మోటారు ఇస్తుంది. అదే గేర్లయితే పళ్ళు రాలతాయి. గ్రీసు చేతుల ఫిట్టరు ఎవరినడిగినా చెప్తాడు.

ఓడ సంగతి వేరు. రేవు దాటాక రోజుల తరబడి దాదాపు ఒకే వేగం. పెద్ద సరుకు ఓడల్లో నెమ్మదిగా తిరిగే టూ-స్ట్రోక్ ఇంజన్‌కే ప్రొపెల్లర్ షాఫ్టు నేరుగా బిగిస్తారు. ఆయిల్లోని శక్తిలో సగం దాకా పనికొస్తుంది. మధ్యలో జనరేటరు, మోటారు దూర్చితే పదో వంతు దారిలోనే హరీ. పండు చల్లగా ఉండడానికి కరెంటు కావాలి కదా అంటారా, దానికి ఓడలో విడిగా జనరేటర్లు ఉండనే ఉన్నాయి. క్యూఈ2 ఓడను 1986-87లో డీజిల్-ఎలక్ట్రిక్‌కు మార్చలేదా? మార్చారు. అది ప్రయాణికుల ఓడ, పైగా పీకేసింది ఆవిరి టర్బైన్లను. ఆగి ఆగి కదిలే టగ్గులకు, ఫెర్రీలకు పెట్టండి, చప్పట్లు కొడతాను.

మోటార్లంటే గుర్తొచ్చింది. మల్యాల దగ్గర్నుంచి శ్రీశైలం నీటిని మెట్టు మెట్టుగా కరెంటు మోటార్లతో ఎత్తి హంద్రీ-నీవా కాలువలో మనదాకా తెస్తున్నారు. అంత ఖర్చు పెట్టి తెచ్చిన నీళ్ళు చెరువు నింపితే ఫొటోలు దిగుతారు, చేనిదాకా పారించే పిల్లకాలువల ఊసెత్తరు. ఏడాదికి 550 మిల్లీమీటర్లు దాటడమే గగనమైన వాన, దాని మీద బోరు, డ్రిప్పు. ఓడెక్కే అరటి పండేది ఇలాగే. టీవీ వాళ్ళకు ఒక్కటే మనవి: ఓడలను వదిలేసి, ఒక్క సాయంత్రం జీడిపల్లి రిజర్వాయరు కింది పిల్లకాలువల మీద చర్చ పెట్టండి.